పెట్ట కడుపులో చీము పడితే: మందు ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

గంపలో గుడ్డు ఉండాల్సిన చోట ఒక్కోసారి పసుపురంగు ముద్ద ఒకటి కనిపిస్తుంది. పట్టుకుంటే రబ్బరులా ఉంటుంది, కోసి చూస్తే ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడిపోతుంది, వాసన కూడా వస్తుంది. చాలామంది దాన్ని తోలుగుడ్డు (పెంకు పట్టని గుడ్డు) అనుకుని పెంటకుప్ప మీద పారేస్తారు. రెండు రోజులు పోతే అదే పెట్ట ఒక మూల ముడుచుకుని కూర్చుంటుంది, వారం తర్వాత చచ్చిపోతుంది, "ఏదో తెగులు తగిలింది" అని అక్కడితో ఆ సంగతి మరిచిపోతారు. ఆ ముద్ద గుడ్డు కాదు. అండవాహికలో, అంటే గుడ్డు తయారై బయటికి వచ్చే దారిలో, గడ్డకట్టిన చీము.

ఈ ముద్ద గురించి ఒక్క విషయం అర్థమైతే మిగతా జబ్బంతా సులువుగా అర్థమవుతుంది. మనుషులకు, పశువులకు చీము పడితే అది పలచగా కారుతుంది, గడ్డ పగిలితే బయటికి పోతుంది. కోడికి అలా జరగదు. చీమును కరిగించి నీరుగా మార్చే ఎంజైము కోడి తెల్లరక్తకణాల్లో లేదు. అందుకే కోడి ఒంట్లో చీము జున్నులా గట్టిపడి, పడిన చోటే ఉండిపోతుంది. మనం నోట్లో పోసినా, సూది వేసినా ఏ మందైనా రక్తం ద్వారానే జబ్బు ఉన్న చోటికి చేరాలి, ఆ ముద్దలో మాత్రం రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఉన్న కండలో క్రిములు చస్తాయి, ముద్ద లోపల ఉన్నవి బతికే ఉంటాయి. మందు పోసిన నాలుగు రోజులు కోడి తేరుకుని గింజలు తిని, మందు ఆపిన పది రోజులకు మళ్లీ పడిపోవడానికి కారణం ఇదే. మందు నకిలీది కావడం వల్లే అలా అవుతుందని అనుకోవద్దు.

దేవరకొండ వైపు తండాల్లో, మిర్యాలగూడ ఆయకట్టు ఊళ్లలో, అటు జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తి పల్లెల్లో ఇంటికి ఐదారు పెట్టలు, ఒక పుంజు ఉండడం మామూలే. వాటిని చూసుకునేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. గుడ్ల డబ్బులు చేతి ఖర్చుకు వస్తాయి, పండగకో చుట్టం వచ్చినప్పుడో ఒక కోడి కోస్తారు. ఈ జబ్బు నిజంగా బయటపడేది కూడా ఆ కోసినప్పుడే. పొట్ట చీల్చగానే పసుపు నీళ్లు కారతాయి, పేగుల చుట్టూ ఉడికిన సొన ముక్కల్లాంటివి అంటుకుని ఉంటాయి, నీచు వాసన కొడుతుంది. పెద్దవాళ్లు దాన్ని చూసి కడుపులో గుడ్డు పగిలిందంటారు. ఆ మాట సగం నిజమే. ఆ గుడ్డు ఎందుకు పగిలిందన్నదే చూడాలి.

పెట్ట కడుపులో అండాశయం, అండవాహిక ఎడమవైపు ఒక్కటే పనిచేస్తాయి, కుడివైపుది పిండంలో ఉన్నప్పుడే ఎదగడం ఆగిపోతుంది. పచ్చసొన తయారయ్యాక అండాశయం నుంచి ఊడి, గరాటులాంటి భాగంలో పడుతుంది. అక్కడ పావుగంట, తర్వాత తెల్లసొన చుట్టుకునే చోట సుమారు మూడు గంటలు, లోపలి పొర పట్టడానికి గంటంపావు, పెంకు పట్టే సంచిలో దాదాపు 20 గంటలు గడుపుతుంది. మొత్తం కలిపితే ఒక గుడ్డుకు 24 నుంచి 26 గంటలు. గరాటు నోరు అండాశయానికి అతుక్కుని ఉండదు, కడుపు ఖాళీలోకి తెరుచుకుని ఉంటుంది. ప్రతిసారీ అది సొనను పట్టుకోవాలి. వాచిపోయినా, చీము అడ్డుపడినా, కోడిని కుక్క తరిమి బెదరగొట్టినా సొన గరాటులో పడక కడుపులో జారిపోతుంది. క్రిములు లేని సొన ఒకటి రెండు పడితే ఒళ్లు మెల్లగా పీల్చేసుకుంటుంది, పెద్ద నష్టం ఉండదు. కానీ సొన క్రిములకు మంచి ఆహారం. ఈ-కోలై (E. coli) అనే పేగు క్రిమి లాంటిది దానికి తోడైతే కడుపు పొర మొత్తం వాచి, విషం రక్తంలోకి ఎక్కుతుంది.

ఈ క్రిములు లోపలికి వెళ్లే దారులు ముఖ్యంగా రెండు. అందరికీ తెలిసింది కింద దారి. కోడికి రెట్ట, గుడ్డు రెండూ ఒకే ద్వారం నుంచి వస్తాయి. గుడ్డు బాగా పెట్టే రోజుల్లో హార్మోన్ల వల్ల ఆ ద్వారం, లోపలి కండరం వదులుగా ఉంటాయి. గుడ్డు పెట్టిన వెంటనే లోపలి ఎర్రటి పొర కాసేపు బయటికి కనిపించి మళ్లీ లోపలికి పోతుంది, అదే సమయంలో అది తడి రెట్టకో, మురికి గడ్డికో తగిలితే క్రిములు పైకి ఎక్కుతాయి. మిగతా కోళ్లు ఆ ఎర్రదనం చూసి పొడిచినా అంతే.

రెండో దారిని మాత్రం ఎవరూ పట్టించుకోరు, దాంతోనూ నష్టం ఎక్కువే: ముక్కు. కోడికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులు ఉంటాయి, అందులో ఎడమవైపు పొట్ట గాలి సంచి సరిగ్గా అండవాహిక పక్కనే ఉంటుంది. గొంతులో మొదలైన జబ్బు గాలి సంచిలోకి, అక్కడి నుంచి అండవాహిక గోడలోకి పాకుతుంది. మన పల్లెల్లో కోళ్ల గూడు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటే ఇదెంత సులువో తెలుస్తుంది. రాళ్లతోనో మట్టితోనో కట్టి, పైన బండ వేసి, అడవి పిల్లి, ముంగిస రాకుండా రాత్రి తలుపుకు రాయి అడ్డం పెట్టి బిగిస్తారు. లోపల నెలల నాటి రెట్ట, దాని నుంచి అమ్మోనియా, పది కోళ్లు తెల్లవార్లూ ఆ గాలే పీలుస్తాయి. గొంతులో దుమ్మును, క్రిములను బయటికి నెట్టే సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి, అమ్మోనియా వాటిని పనిచేయకుండా చేస్తుంది. పొద్దున గూడు తలుపు తీసి తల లోపలికి పెట్టినప్పుడు మీ కళ్లు మండుతున్నాయంటే, ఆ గూట్లో పడుకున్న పెట్టలకు గొంతు దెబ్బతింటున్నట్టే. రెండు నెలల కింద గురక పెట్టి తేరుకున్న పెట్టే ఇప్పుడు తోలుగుడ్లు పెడుతుంటే ఆ రెండింటినీ కలిపి చూడాలి. మైకోప్లాస్మా అనే క్రిమి ఇలాగే గొంతులో మొదలై, నెలల తరబడి ఒంట్లో ఉండి, ఈ కోలైకి దారి తెరుస్తుంది.

వైరస్‌లలో ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్‌ది ఒక వింత. రెండు వారాలు కూడా నిండని పిల్లకు అది సోకితే దగ్గు తగ్గిపోతుంది, పిల్ల పెరుగుతుంది, తురాయి ఎర్రబడుతుంది, గంపలో రోజూ కూర్చుంటుంది, గుడ్డు మాత్రం ఒక్కటీ పెట్టదు. అండాశయం బాగానే ఉంటుంది, అండవాహిక మాత్రం పిల్లప్పుడే పాడైపోయింది. సొనలన్నీ కడుపులోకే జారుతుంటాయి. దీనికి ఏ చికిత్సా లేదు, మందుల మీద డబ్బు పెట్టడం వృథా. వరి కోతలయ్యాక మళ్లల్లోకి బాతుల మందలు దిగే ఊళ్లలో ఇంకోటి గమనించాలి. ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్ బాతుల్లో ఏ లక్షణం లేకుండా ఉంటుంది, వాటి రెట్ట కలిసిన నీళ్లు తాగిన పెట్టలు చక్కగా తింటూ తిరుగుతూనే వరసగా తోలుగుడ్లు పెడతాయి. ఒక్క పెట్ట పెడితే ఒక కారణం, ఒకే వారంలో అన్నీ పెడితే వేరే కారణం, ఈ తేడా చూడకుండా అన్నింటికీ ఒకే మందు పోయడం తప్పు. చెరువు కింద ఊళ్లలో అరుదుగా తూనీగల ద్వారా వచ్చే ఒక రకం పురుగు కూడా ఉంది. తూనీగను తిన్న కోడి అండవాహికలోకి చేరి అక్కడే బతుకుతుంది, తోలుగుడ్లు, సున్నంలాంటి స్రావం వస్తాయి. దీనికి యాంటీబయాటిక్ పనిచేయదు, పురుగు మందే కావాలి.

కొక్కెర తెగులు (రాణిఖేత్) గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, అందరికీ తెలిసిందే. కానీ దాని నుంచి బతికి బయటపడిన పెట్టలు కొన్నాళ్లు వంకర గుడ్లు, పలచటి పెంకు గుడ్లు పెడతాయని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. నాటుకోడికి ఈ జబ్బు తక్కువ, తెచ్చుకున్న రకాలకు, ముఖ్యంగా ఫారం నుంచి వచ్చిన కోళ్లకు ఎందుకు ఎక్కువ? నాటుకోడికి రోగనిరోధక శక్తి ఎక్కువ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అందులో నిజం ఉంది కానీ, అంతకంటే పెద్ద కారణం గుడ్ల లెక్కలో ఉంది. నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది. 21 రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత నెలా రెండు నెలలు పిల్లలను తిప్పుకుంటుంది. ఏడాదికి పెట్టేది యాభై అరవై గుడ్లు. పొదుగు రోజుల్లో హార్మోన్లు మారి అండాశయం ముడుచుకుంటుంది, అండవాహిక చిన్నదై సన్నబడుతుంది, ద్వారం బిగుసుకుంటుంది. అంటే ఏడాదిలో మూడు నాలుగుసార్లు ఆ దారి మూతపడి, మళ్లీ కొత్తగా తయారవుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా పెరట్లో వంద గుడ్లకు కాస్త అటూఇటూ పెడుతుంది, గ్రామప్రియ అంతకంటే బాగా ఎక్కువ పెడుతుంది, అక్కడే పశువైద్య విశ్వవిద్యాలయం తెచ్చిన రాజశ్రీ కూడా గుడ్ల కోసం చేసిన రకమే. ఇవి పొదుగుకు రావడం తక్కువ. ఫారంలో గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి ఏడాదికి మూడు వందలకు పైగా పెడుతుంది, దాని అండవాహికకు సెలవు అన్నదే లేదు. మెరుగైన రకాలు పెంచొద్దని దీనర్థం కాదు, అవి మంచి కోళ్లే, పేద ఇంటికి ఆదాయం ఇస్తున్నాయి. గుడ్లు రెండింతలు తీసుకునేటప్పుడు మేత, సున్నం, గూడు శుభ్రం కూడా రెండింతలు ఇవ్వాలి, ఇప్పుడు చాలా ఇళ్లలో గుడ్లు పెరిగాయి కానీ మిగతావి నాటుకోడి లెక్కలోనే ఉన్నాయి.

పొదుగు మీద ఇంకో మాట. పొదుగుకు వచ్చిన పెట్టను నీళ్లలో ముంచి, ముక్కులో ఈక గుచ్చి, కాలికి తాడు కట్టి పొదుగు మాన్పించే అలవాటు ఉంది, త్వరగా మళ్లీ గుడ్లు పెడుతుందని. గట్టి పెట్టకైతే ఎలాగో సాగుతుంది. కిందటి విడతలో తోలుగుడ్లు పెట్టిన పెట్టకు, తోక కింద తడిగా ఉండే పెట్టకు మాత్రం ఇలా చేయడం అన్యాయం. దాని ఒళ్లు తనకు తానే చేసుకుంటున్న వైద్యాన్ని మనం ఆపుతున్నాం.

జబ్బును ముందుగా ఎలా పట్టాలి? కోడి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, కాబట్టి చూపుతో కాకుండా చేత్తో పట్టుకుని చూడాలి. గుడ్డు మానేసిన పెట్టను సాయంత్రం గూట్లో పడుకున్నాక తీసి, ఛాతీ ఎముక తడమండి, కత్తిలా తగిలితే కండ కరిగిపోతోంది. తోక కింద ఈకలు తెల్లగా పచ్చగా అట్టకట్టి ఉన్నాయా చూడండి. కాళ్ల మధ్య పొట్టను అరచేత్తో మెల్లగా పట్టుకుంటే మంచి పెట్టకు మెత్తగా సాగుతుంది. నీళ్లు నింపిన బెలూనులా ఊగితే లోపల నీరు చేరింది, పిండి ముద్దలా గట్టిగా ఉంటే చీమో, పోగుపడ్డ సొనో అనుకోవాలి. గట్టిగా మాత్రం నొక్కకూడదు, లోపలి గుడ్డు పగిలితే మనమే జబ్బు తెచ్చినట్టవుతుంది. తురాయి పాలిపోవడం, నిటారుగా నిలబడి కాళ్లు ఎడంగా వేసి నడవడం, గూడెక్కలేక కిందే పడుకోవడం, ఇవన్నీ జబ్బు బాగా ముదిరాక కనిపించేవి.

గుడ్డు అడ్డం పడటం దీనికి వేరు. అది గంటల్లో జరిగే విషయం. నిన్నటిదాకా బాగున్న పెట్ట పొద్దుటి నుంచి గంపలోకి వెళ్తూ వస్తూ, తోక ఊపుతూ ముక్కుతుంటే, తోక కింద గుండ్రంగా గట్టిగా తగిలితే అది అడ్డం పడ్డ గుడ్డు. చేతికి ఓర్చుకునేంత వేడి నీళ్లలో పొట్ట మునిగేలా పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి, ద్వారం దగ్గర కొబ్బరి నూనె రాసి, చీకటిగా ఉన్న చోట గంప కింద మూసి వదిలితే చాలాసార్లు దానంతట అదే పెడుతుంది. కాల్షియం ద్రావణం కొంచెం నోట్లో పోస్తే కండరానికి బలం వస్తుంది. లోపల గుడ్డు పగలగొట్టి తీయబోవద్దు, ఆ పెంకు ముక్కల గాట్లే చీముకు మొదలు.

సున్నం తక్కువై తోలుగుడ్డు పెట్టడం కూడా వేరే సంగతి. ఒక పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. రేషన్ బియ్యం, నూకలు తిని బతికే పెట్టకు అది ఎక్కడి నుంచి వస్తుంది? పైగా నల్లగొండ ఎండలకు కోడి నోరు తెరిచి ఎగపోస్తూనే ఉంటుంది, అలా ఎగపోసినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు పలచబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పలచ గుడ్లు చూసి కంగారుపడి యాంటీబయాటిక్ పోయడం చాలాచోట్ల జరుగుతోంది. ముందు నీడ, చల్లటి నీళ్లు, ఆలిచిప్పల పొడి ఒక చిప్పలో విడిగా పెట్టి పది రోజులు చూడండి. పెంకు గట్టిపడితే అది జబ్బు కాదు. పెట్ట హుషారుగా ఉన్నంతవరకే ఈ పది రోజుల ఓపిక, ముడుచుకుని కూర్చుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

మందు విషయానికి వస్తే, మందు పనిచేసే కాలం ఒకటి ఉంది. గుడ్డు మానేసి నాలుగైదు రోజులే అయి, ఇంకా తింటూ, పొట్ట గట్టిపడకుండా ఉన్నప్పుడు. అప్పుడు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే బరువు చూసి యాంటీబయాటిక్, వాపు తగ్గడానికి ఇంకో మందు ఇస్తారు, కొన్ని పెట్టలు నిజంగానే కోలుకుంటాయి. మండలంలో పశువైద్యశాల దూరమైతే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయొచ్చు. "కోడికి కూడా డాక్టరా" అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. జబ్బు ముదిరాక పోసే మూడు మందుల ఖర్చు కంటే ముందే వెళ్లడం చవక.

ఇచ్చే పద్ధతిలోనే సగం మందు వృథా అవుతోంది. తొట్టిలో మందు కలిపి పెడతారు. జబ్బు కోడి నీళ్లు తక్కువ తాగుతుంది, తాగినా పెరటి కోడి తొట్టి దగ్గరే ఉండదు, బోరింగ్ కింద మడుగులోనో, అంట్లు తోమిన నీళ్లలోనో తాగేస్తుంది. మంచి కోళ్లు మాత్రం ఆ మందంతా తాగుతాయి. కాబట్టి జబ్బు పెట్టను విడిగా గంప కింద పెట్టి, వైద్యుడు చెప్పిన కొలత సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి మెల్లగా, చుక్క చుక్కగా పోయాలి. ఇంకో సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. నల్లగొండ, మహబూబ్‌నగర్ బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనం, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు. ఆక్సిటెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు కాల్షియం, మెగ్నీషియంతో అతుక్కుపోయి పేగులో సరిగ్గా ఇంకవు. బోరు నీళ్లలో కలిపిన మందు, పక్కనే ఆలిచిప్పల పొడి, రెండూ కలిస్తే పోసింది పోసినట్టే రెట్టలోకి పోతుంది. కాచి చల్లార్చిన మిషన్ భగీరథ కుళాయి నీళ్లో, వాన నీళ్లో మందు కలపడానికి మేలు. సున్నం పెట్టాలంటే మందుకు రెండు మూడు గంటలు ఎడం ఉంచాలి.

మందుల షాపులో అడిగిందే తడవుగా ఏదో ఒక పొడి చేతిలో పెట్టడం, గేదెకు మిగిలిన ఇంజెక్షన్ కోడికి వేయడం, రెండు రోజులు పోసి లేచి తిరగగానే ఆపేయడం, వీటన్నిటి ఫలితం ఒకటే: క్రిమి మందుకు అలవాటు పడుతుంది. ఈ కోలై ఈ పాటికే చాలా మందులకు లొంగడం మానేసింది, అదే క్రిమి మనుషుల్లో మూత్రనాళ జబ్బులకు కారణం. కోలిస్టిన్ అనే మందు మనుషులకు చివరి ఆయుధం లాంటిది, దాన్ని కోళ్లకు, పశువులకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది. పాత డబ్బా ఎక్కడైనా ఉంటే వాడకండి, ఎవరికీ ఇవ్వకండి.

మందు పోసిన పెట్ట గుడ్లు తినొచ్చా? ఇక్కడ అజాగ్రత్త ఎక్కువ, అదీ ఎక్కువగా పిల్లలున్న ఇళ్లలో. మందు ఆపాక ఎన్నాళ్లు గుడ్లు, మాంసం వాడకూడదో డబ్బా మీద రాసి ఉండాలి. ప్రత్యేకంగా తేల్చిన గడువు లేని మందుకు గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు అని 2012 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. అది కనీసం మాత్రమే. ఒక సొన అండాశయంలో పెద్దదవడానికి పది రోజుల దాకా పడుతుంది, ఈ రోజు పోసిన మందు ఇప్పుడే పెరగడం మొదలైన సొనలోకి కూడా చేరుతుంది, ఆ సొన గుడ్డై బయటికి వచ్చేది పది రోజుల తర్వాత. కాబట్టి వైద్యుడు చెప్పిన గడువు పాటిస్తూ, తక్కువలో తక్కువ రెండు వారాలు ఆ గుడ్లు ఇంట్లో వాడకుండా, అమ్మకుండా ఉండటం న్యాయం. కొన్ని మందుల డబ్బాల మీద గుడ్లు పెట్టే కోళ్లకు వాడరాదు అనే రాసి ఉంటుంది, సన్న అక్షరాల్లో. అది చదివించుకోవాలి.

మందుతో పాటు చేయాల్సింది, ఒక్కోసారి మందు కంటే ఎక్కువ పనిచేసేది, గుడ్డు పెట్టడం ఆపించడం. కోడి గుడ్డు పెట్టడానికి వెలుతురే సంకేతం. బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. మన దగ్గర చలికాలంలో పగలు 11 గంటలు, ఎండాకాలంలో 13 గంటలకు కాస్త అటూఇటూ. జబ్బు పెట్టను గాలి ఆడే నీడ గదిలో, రోజుకు ఎనిమిది గంటలకు మించి వెలుతురు పడకుండా రెండు మూడు వారాలు ఉంచితే, లేయర్ మేత కాకుండా జొన్నలు, కొర్రలు, ఆకుకూర పెడితే చాలా పెట్టలు గుడ్డు మానేసి ఈకలు రాల్చడం మొదలుపెడతాయి. దారి ఖాళీ అయితే మందుకు, ఒంటికి రెండింటికీ పని సులువవుతుంది. రాత్రంతా వీధిలైటు పడే చోట గూడు పెట్టి గుడ్లు ఎక్కువ వస్తున్నాయని సంతోషపడేవాళ్లు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

పొట్ట గట్టిపడి, ఛాతీ ఎముక తేలి, మేత మానేసిన పెట్ట సంగతి మాత్రం వేరు. దానికి మందు పోస్తూ ఇంకో రెండు వారాలు బాధపెట్టడం కంటే ఆ బాధ త్వరగా ముగించడమే దయ. అమ్మేద్దాంలే అని అంగడికి పట్టుకుపోవడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ కోడి మైకోప్లాస్మానో, సాల్మొనెల్లా అనే ఇంకో క్రిమినో మోస్తుంటే ఒక్క అంగడి రోజు పది ఊళ్లకు పంచుతుంది. కోసి తినడమూ వద్దు. కడుపంతా చీము పట్టిన కోడి మాంసం ఉడికిస్తే క్రిములు చస్తాయేమో కానీ, కోసేటప్పుడు చేతులకు, కత్తిపీటకు, పక్కనే ఉన్న కూరగాయలకు అంటేవి చావవు. లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి, కుక్కలకు వేయకూడదు. డబ్బు పోతుందన్న బాధ నిజమైనదే, ఐదు పెట్టలున్న ఇంట్లో ఒక పెట్ట పోవడం చిన్న నష్టం కాదు. మిగతా నాలుగు మిగలాలంటే ఇదే దారి. ఒక్కటి కాకుండా రెండు మూడు రోజుల్లో వరసగా చచ్చిపోతుంటే, తలలు వాచి తురాయిలు నల్లబడుతుంటే అది ఈ జబ్బు కానే కాదు. 2025లో చౌటుప్పల్ దగ్గర బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుంచుకుని చేత్తో ముట్టకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి.

గూడు గురించి పైన చెప్పిందే మళ్లీ: కింద కాదు, పైన గాలి పోయే కిటికీ ఉండాలి, జాలీ బిగిస్తే పిల్లీ రాదు, అమ్మోనియా నిలవదు. వారానికి ఒకసారి రెట్ట ఎత్తి, కింద పొడి ఊకో, బూడిద కలిపిన ఇసుకో పరవాలి. గుడ్లు పెట్టే గంపలో గడ్డి తడిస్తే అదే రోజు మార్చాలి, రాత్రి కోళ్లను గంపలో పడుకోనివ్వకూడదు, పడుకుంటే అందులోనే రెట్ట వేస్తాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి పండుతుంది కాబట్టి బూజు పట్టిన పల్లీలు, పల్లి చెక్క కోళ్లకు వేసే అలవాటు ఉంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కార్జాన్ని పాడుచేసి, రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. మనుషులు తినలేనిది కోడికి వేయొచ్చన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఫారంలో గుడ్లు తగ్గాయని తీసేసి ఆటోల్లో ఊరూరా అమ్మే లేయర్ కోళ్లను కొంటే, వాటిని నేరుగా మన కోళ్లలో కలపకుండా కనీసం మూడు వారాలు వేరే పెరట్లో ఉంచి చూడాలి. అవి అప్పటికే మూడు వందలకు పైగా గుడ్లు పెట్టి అలిసిపోయిన కోళ్లు, ఈ జబ్బు మొదలు కనిపించేది వాటిలోనే.

టీకాలు తప్పించకూడదు. గొంతు జబ్బు ఆగితే గుడ్డు దారి జబ్బు సగం ఆగినట్టే. పిల్లకు మొదటి వారంలో, మళ్లీ నాలుగో వారం వైపు లసోటా (కొక్కెర తెగులుకు బతికున్న టీకా) చుక్కలు, ఎనిమిదో వారం వైపు కొక్కెర తెగులు సూది. ఇక్కడ నీళ్ల లెక్క తిరగబడుతుంది. లసోటాను నీళ్లలో కలిపి ఇస్తే భగీరథ నీళ్లు అప్పటికప్పుడు పట్టి వాడొద్దు, అందులో క్లోరిన్ బతికున్న టీకాను చంపేస్తుంది. రాత్రి వెడల్పు పాత్రలో పట్టి మూత లేకుండా ఉంచి, పొద్దున కొద్దిగా వెన్న తీసిన పాలపొడి కలిపి అప్పుడు టీకా కలపాలి.

కోలుకున్న పెట్ట మళ్లీ గుడ్లు పెట్టడం మొదలుపెడితే ఆ గుడ్లను పొదగేయకూడదు. మైకోప్లాస్మా, సాల్మొనెల్లా రెండూ గుడ్డు లోపలి నుంచే పిల్లకు వెళ్తాయి, పుట్టిన వారంలో తెల్లగా పారి చచ్చే పిల్లలు చాలాసార్లు తల్లి నుంచి తెచ్చుకున్న జబ్బుతోనే పుడతాయి. మందు గడువు దాటాక ఆ గుడ్లు బాగా ఉడకబెట్టుకుని తినొచ్చు, సగం ఉడికినవి వద్దు. పొదుగు కింద పెట్టడానికి మాత్రం ఎప్పుడూ జబ్బు పడని పెట్ట గుడ్లే ఏరాలి, వాటి మీద బొగ్గుతో గీత పెట్టుకుంటే కలిసిపోకుండా ఉంటాయి.